పేజీలు తిప్పిన సాయంత్రం

మా అమ్మాయి చెల్లో (కూర్చుని వాయించే, వయొలిన్ లాంటి పెద్ద వాయిద్యం) నేర్చుకునే చోట ఏటా పిల్లల కచేరీ పెడతారు. ఈసారి నేను జనంలో కూర్చోలేదు. పిల్లలకు పియానో సహకారం అందించే మేడం పక్కన పేజీలు తిప్పే మనిషి కావాలన్నారు. నాకు నొటేషన్ చదవడం వచ్చు, సరేనన్నాను.

మేడంకి ఎడమవైపు, కాస్త వెనగ్గా నా కుర్చీ. పేజీ చివరి వరుసలోకి రాగానే చప్పుడు చేయకుండా లేచి, ఎడమ చేత్తో కాగితం పైమూల పట్టుకుని, ఆవిడ తలూపగానే తిప్పాలి. కుడి చెయ్యి చాపితే ఆవిడకు నొటేషన్ కనపడదు. "నా వేళ్లు చూడకండి, కాగితమే చూడండి" అని ముందే చెప్పారు. వేళ్లు చూస్తూ కూర్చుంటే వరుస తప్పిపోతామట. నిజమే.

మొదట శ్రుతి. మేడం 'ఎ' స్వరం నొక్కి పట్టుకుంటే వయొలిన్ పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి కలుపుకున్నారు. పియానోలో రెండువందలకు పైగా తీగలుంటాయి, దాన్ని అప్పటికప్పుడు సర్దడం కుదరదు. అందుకే నాలుగు తీగల వాయిద్యమే దాని దగ్గరికి రావాలి. 'ఎ' కుదిరాక మిగతా మూడూ స-ప దూరంలో ఒకదాన్నుంచి ఒకటి చూసుకుంటారు. పిల్లలు కళ్లు మూసుకుని ఆ దూరాన్ని వెతుక్కోవడం నాకు కచేరీ అంత ఇష్టం.

అందరికన్నా చిన్న పాప జి మేజర్ మినుయెట్ అనే చిన్న నాట్యపు వరస వాయించింది. కాళ్లు నేలకు అందక పీట వేశారు. జర్మన్ స్వరకర్త బాఖ్ భార్య అన్నా మాగ్దలేనా 1725 నాటి నోటుపుస్తకంలో ఉండటంవల్ల చాలాకాలం అది బాఖ్‌దే అనుకున్నారు. రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. కార్యక్రమం కాగితంలో ఆయన పేరే వేశారు, సంతోషమనిపించింది.

తర్వాత ఒక బాబు వివాల్డి ఎ మైనర్ కాన్చెర్టో (వాద్యబృందంతో కలిసి ఒక వాయిద్యం ముందుండి వాయించే రచన) మొదటి భాగం మొదలుపెట్టాడు. 1711లో అచ్చయిన సంపుటంలోది, వయొలిన్ నేర్చుకునేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు దాటే మెట్టు. అందులో మొదటి వరస, మన కృతిలో పల్లవిలాగా, మధ్యమధ్య తిరిగొస్తుంది. పిల్లలు దారి తప్పేదీ అక్కడే. ఏ రాకడలో ఉన్నామో మరిచిపోతే చెయ్యి దానంతటదే వేరే మలుపు తీసుకుంటుంది. బాబుకీ అదే జరిగింది. చాలా బార్లు (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య లయ గడులు) దాటేసి ముందుకెళ్లిపోయాడు.

మేడం ఆగలేదు. కుడిచెయ్యి పైకి తీసేశారు. ఎడమచేత్తో కింది స్వరాలు మాత్రం, అతి మెల్లగా, లయ తప్పకుండా వేస్తూ తల బాబువైపు తిప్పి విన్నారు. పెదవులు కదిలీ కదలనట్టు "రెండు" అన్నారు. నాకు ఒక్క క్షణం పట్టింది. రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాను. కుడిచెయ్యి దిగింది. ఇద్దరూ ఒకే చోట ఉన్నారు. బాబు భుజాలు కిందికి దిగడం నా కుర్చీలోంచి కనిపించింది. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇన్నేళ్లు ముందువరసలో కూర్చుని నేను కూడా వినలేదన్నమాట, ఇలాంటివి ఎన్ని జరిగాయో!

మా అమ్మాయి బాఖ్ మొదటి చెల్లో సూట్‌లో (కొన్ని భాగాలున్న రచన) ప్రెల్యూడ్, అంటే తొలి భాగం, వాయించింది. దానికి సహకారం ఉండదు. మేడం చేతులు ఒళ్లో పెట్టుకున్నారు, నాకూ పని లేదు. బాఖ్ స్వయంగా రాసిన ప్రతి దొరకలేదు. ఉన్న నకళ్లలో, ఏ స్వరాలు ఒకే కమాను లాగుడులో రావాలో చెప్పే గీతలు ఒకదానితో ఒకటి కలవవు. ఇంట్లో ఒక వారం మూడేసి స్వరాలు ఒకే కమానులో, మరో వారం నాలుగేసి, ఆ తర్వాత చెరిపేసి మళ్లీ. ఆ రబ్బరు మరకలన్నీ నాకు తెలుసు. నలభై రెండు బార్లు. చివరి తీగల కలయిక ఆగిపోయాక కమాను పైకెత్తి అలాగే ఉంచింది, శబ్దం పూర్తిగా పోయేదాకా. అది ఎవరూ నేర్పలేదని తర్వాత చెప్పింది.

అందరూ వెళ్తుంటే బాబు పియానో దగ్గరికొచ్చాడు. "మేడం, నేను ఎక్కడ తప్పాను?" మేడం సంతోషంగా కాగితాలు విప్పి రెండు చోట్లా పెన్సిల్‌తో సున్నా చుట్టారు. "ఇక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే. ఈ ఒక్క స్వరంలో తేడా. విను" అని వాయించి చూపించారు. బాబు పెట్టె తెరిచి మళ్లీ వయొలిన్ బయటికి తీశాడు.