ఎడమ పెడల్ ఉల్టా తిప్పాలంట! పాత సైకిళ్ళు ఆఫ్రికాకి పంపిన నా అనుభవం

మేం ఉండేది నార్తర్న్ వర్జీనియాలో. గ్యారేజీలో మూడు సైకిళ్ళు పడున్నాయి, పిల్లలవి రెండు, కోవిడ్ టైంలో పెద్ద ఉత్సాహంగా కొని నాలుగు సార్లు తొక్కిన నా మౌంటెన్ బైక్ ఒకటి. "ఈ సమ్మర్‌లో అయినా వీటికో దారి చూపిస్తారా లేదా" అని మా ఆవిడ అడగడం మూడో ఏడాదికి వచ్చింది. చెత్తలో పడేయడానికి మనసు ఒప్పలేదు, అమ్ముదామంటే ఇరవై డాలర్లకి కూడా బేరాలాడుతున్నారు.

అప్పుడు ఆఫీసులో ఒకతను బైక్స్ ఫర్ ది వరల్డ్ అనే సంస్థ గురించి చెప్పాడు, 2005 నుంచి మా వాషింగ్టన్ ఏరియాలోనే పాత సైకిళ్ళు పోగుచేసి ఘనా, సియెర్రా లియోన్ లాంటి దేశాలకి కంటైనర్లలో పంపుతున్నారంట. సైకిల్‌తో పాటు షిప్పింగ్ ఖర్చుకి కొంత డబ్బు ఇమ్మని కూడా అడుగుతారు. నిజం చెప్తున్నా, నాకు మొదట చిరాకేసింది, వస్తువూ మనమే ఇచ్చి డబ్బులూ మనమే ఇవ్వాలా అని. సముద్రం దాటించడానికి ఓడవాడు ఊరికే ఎక్కించుకోడు కదా అని తర్వాత వెలిగింది.

ఇచ్చేసి వచ్చేద్దాం అనుకున్నా గానీ ఒక శనివారం ప్యాకింగ్‌కి మనుషులు కావాలంటే మా పెద్దోణ్ణి తీసుకుని వెళ్ళా. 40 అడుగుల కంటైనర్‌లో 400, 500 సైకిళ్ళు పట్టాలి, అలా పట్టాలంటే ప్రతి సైకిల్‌కీ పెడల్స్ ఊడదీసి హ్యాండిల్ పక్కకి తిప్పి పలచగా చెయ్యాలి. నాకు ఒక 15 నంబర్ పానా ఇచ్చారు. కుడి పెడల్ బానే వచ్చింది, ఎడమది మాత్రం ఒళ్ళంతా చెమట పట్టినా కదల్లేదు, ఇంకా బిగుసుకుంటోంది! పక్కనున్న పెద్దాయన నవ్వి చెప్పాడు, ఎడమ పెడల్ మరలు ఉల్టా ఉంటాయంట, తొక్కుతున్నకొద్దీ ఊడిపోకుండా అలా పెడతారంట. పానా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు వైపులా వదులవుతుంది, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. చిన్నప్పుడు మా ఊళ్ళో గంటకి అద్దె సైకిల్ తీసుకుని, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినోణ్ణి, ఈ ముక్క తెలీకుండానే నలభై దాటేశా.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఈ సైకిళ్ళని అక్కడ అందుకునేవాళ్ళలో విలేజ్ బైసికిల్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది, 1999లో ఘనాలో మొదలైంది. వాళ్ళు సైకిల్ ఉచితంగా ఇవ్వరు. ఒక రోజు రిపేర్ ట్రైనింగ్ పెట్టి, పంక్చర్ వేయడం, బ్రేకులు సరిచేయడం, చైన్ చూసుకోవడం నేర్పించి, కూర్చుని నేర్చుకున్నవాళ్ళకి తక్కువ ధరకి ఇస్తారు. పేదవాళ్ళ దగ్గర డబ్బులేంటి అని నాకూ అనిపించింది గానీ, ఊరికే వచ్చిన సైకిల్ మొదటి పంక్చర్‌కే గోడకి చేరుతుంది, మా గ్యారేజీయే సాక్ష్యం. సియెర్రా లియోన్‌లో బడికి దూరం నడిచే ఆడపిల్లలకి తొక్కడం కూడా నేర్పిస్తున్నారు. అక్కడ లున్సార్ అనే ఊళ్ళో అయితే సైక్లింగ్ టీమే ఉంది, టూర్ డి లున్సార్ అని రేసు కూడా పెడతారు. మావాడు ఇంటికొచ్చాక ఆ వీడియోలు వెతుక్కుని మరీ చూశాడు.

మీరూ ఇద్దామనుకుంటే ఒక్క మాట, తుక్కు ఇవ్వకండి. ఫ్రేమ్ విరిగిందీ, తుప్పు తినేసిందీ అక్కడికి పంపితే మన చెత్త వాళ్ళ నెత్తిన పెట్టినట్టే. టైరులో గాలి లేకపోయినా, బ్రేక్ వైరు తెగినా పర్లేదు. మట్టి రోడ్లకి లావు టైర్ల మౌంటెన్ బైక్స్ బాగా పనికొస్తాయి. రసీదు తీసుకోండి, ట్యాక్స్‌కి పనికొస్తుంది.

ఈ సంగతి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టానా, నిన్న రాత్రి ఎవరెవరో వచ్చి ఆరు సైకిళ్ళు మా గ్యారేజీలో పెట్టి వెళ్ళారు. మా ఆవిడ ఇంకా చూడలేదు.