తాళం బయట, పిల్లలు లోపల

2020 మార్చి 14న టీవీలో స్క్రోలింగ్ వచ్చింది, నెలాఖరు దాకా బడులు బంద్ అని. పిల్లలిద్దరూ మంచమెక్కి గెంతారు. పదిహేను రోజులే కదా అనుకున్నాను. మా చిన్నోడు మళ్లీ బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్ 1న.

నేను కూకట్‌పల్లిలో ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తాను. లాక్‌డౌన్‌లో కిరాణా మూయరు కాబట్టి నాకు సెలవు లేదు. మా ఆయన క్యాబ్ ఆగిపోయింది, అందుకని మొదటి రెండు నెలలు పిల్లల్ని ఆయనే చూసుకున్నాడు. (వంట చేసిపెట్టి వెళ్లింది నేనే అనుకోండి.) బండి మళ్లీ రోడ్డెక్కాక మొదలైంది అసలు కష్టం.

జిల్లా బస్సులు తిరగగానే పిల్లల్ని నల్గొండ వైపు మా అమ్మ దగ్గరికి పంపాను. పత్తి తీతలు మొదలయ్యే వేళకు అమ్మ, "నాతోని గాదు బిడ్డా, చేనుకు పోవాలె" అంది. తెచ్చేసుకున్నాను. అప్పటికి సర్కారు బడి పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు వస్తున్నాయి, మూడో తరగతి నుంచి పైకి. నాలుగులో ఉన్న పాప టీవీ ముందు కూర్చునేది. రెండులో ఉన్న బాబుకు పాఠమే లేదు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం, వారానికి మూడు గుడ్లు కూడా పోయాయి.

పక్కింటి ఆంటీకి నెలకు 1500 ఇచ్చి కొన్నాళ్లు గడిపాను. ఫిబ్రవరిలో తొమ్మిది, పది వాళ్లకు బడి తెరిచారు, తర్వాత ఆరు నుంచి ఎనిమిదికి. ఇంట్లో ఒక్కళ్లే ఉండగలిగే పిల్లలు బడికి పోయారు, ఉండలేనోళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. ఎవరు ఆలోచించారో గానీ, పనికి పోయే తల్లి మాత్రం కాదు.

ఏప్రిల్‌లో ఆంటీకి కరోనా వచ్చింది. ఇక తాళమే.

తప్పని తెలుసు. పొద్దున్నే సిలిండర్ రెగ్యులేటర్ తీసి బీరువాలో పెట్టేదాన్ని. అగ్గిపెట్టె నా బ్యాగులో. అన్నం, పప్పు, బిందెలో నీళ్లు, ఒక పాత బటన్ ఫోను. ఇంకో తాళంచెవి పైనున్న ఓనర్ ఆంటీ దగ్గర. గోడ మీద చాక్‌పీసుతో గడియారం బొమ్మ గీశాను: అసలు గడియారంలో చిన్న ముల్లు 11 మీదికి వస్తే పల్లీపట్టీ, 1 మీదికి వస్తే అన్నం. బాబు టైము చూడడం నేర్చుకుంది అలాగే. ఆ ఏడు వాడు నేర్చుకున్న చదువు బహుశా అదొక్కటే.

డ్యూటీలో మా ఫోన్లు లాకర్లో పెట్టాలి. ఒక రోజు సూపర్‌వైజర్ ల్యాండ్‌లైన్‌కు పాప ఫోను. "అమ్మా, ఎవరో తలుపు కొట్టిండ్రు. తమ్ముడు మంచం కిందికి పోయిండు, వస్తలేడు." కౌంటర్ ముందు ఆరుగురు లైన్‌లో ఉన్నారు. "తలుపు కాడికి పోకు, వానికి పల్లీపట్టీ ఇయ్యి" అని పెట్టేసి బిల్లు కొట్టాను. రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తే వాడు మంచం కిందే నిద్రపోయి ఉన్నాడు, చెంపకంతా దుమ్ము. తలుపు కొట్టింది కరెంటు బిల్లు అబ్బాయట.

మే లాక్‌డౌన్‌లో షాపు పొద్దున 6 నుంచి 10 దాకే. జనం తిట్టుకున్న ఆ నెలలోనే నాకు ఊపిరాడింది.

సెప్టెంబర్ 1న బాబు నేరుగా మూడో తరగతిలో కూర్చున్నాడు. పాత యూనిఫాం నిక్కరు బొత్తాం పట్టలేదు, పిన్నీసు పెట్టి పంపాను. సార్ పేరు రాయమంటే సగం రాసి ఆపేశాడట.

2022 జనవరిలో మళ్లీ మూశారు. ముందు సంక్రాంతి సెలవులన్నారు, తర్వాత 30 దాకా అన్నారు. ఈసారి వేళ్ల మీద లెక్కపెట్టలేదు. ఆ సాయంత్రమే బజారుకు పోయి ఇంకో తాళంచెవి చేయించుకొచ్చాను.