వెన్న వాసనకి పది మార్కులేశాను

నిన్న రాత్రి మార్కులొచ్చాయి: వందకి 71. బీరు జడ్జి సర్టిఫికేషన్ ప్రోగ్రాం వాళ్ల రుచి పరీక్షలో 60 తెచ్చుకుంటే రికగ్నైజ్డ్ జడ్జి అవుతారు. మాది చిత్తూరు. గర్వంగానే చెప్తున్నా.

మొదటిది ఆన్‌లైన్ పరీక్ష. గంటలో 180 ప్రశ్నలు. చదివితే అయిపోతుంది.

నన్ను ఏడిపించింది ఆ తర్వాత బెంగళూరులో జరిగిన ప్రాక్టీసు క్లాసు. మ్యూనిక్ హెల్లెస్ (జర్మనీ వాళ్ల లేత లాగర్ బీరు) అని చెప్పి గ్లాసు ముందు పెట్టారు. లేత బంగారు రంగు, పైన తెల్లటి నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఇంట్లో వెన్న కాగుతున్న వాసన. ప్రాణం లేచొచ్చింది. వాసనకి 12కి 10 వేసి 'కమ్మగా ఉంది' అని రాశాను. ట్రైనరు నా కాగితం తీసుకుని అందరి ముందూ గట్టిగా చదివాడు. "బీరు తాగుతున్నావా, నెయ్యి దోసె తింటున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా బస్సెక్కేశాను.

ఆ వెన్న వాసన తెచ్చే పదార్థం పేరు డయాసిటైల్. బీరు పులిసేటప్పుడు పుడుతుంది. చివర్లో ట్యాంకుని కాస్త వెచ్చబెట్టి రెండు మూడు రోజులు ఆగితే ఈస్టే దాన్ని మళ్లీ మింగేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుంది. హెల్లెస్‌లో అది తప్పు. అదే 1842లో ప్ల్జెన్‌లో పుట్టిన చెక్ పిల్స్‌నర్ తరహాలో కొద్దిగా ఉంటే ఒప్పుకుంటారు! ఈ తేడా ముందే చెప్పాల్సింది ఆయన. 'సినిమా హాల్లో పాప్‌కార్న్ వాసన' అని వదిలేశాడు. నేను పెరిగింది వేరుశనక్కాయలు తింటూ సినిమాలు చూసి. మన ముక్కుకి తెలిసిన పేర్లతో చెప్పనివాళ్లు పాఠాలు చెప్పకూడదు, అంతే.

మా నాయన మండీలో తోతాపురి కాయని తొడిమ దగ్గర వాసన చూసి ఎన్ని రోజులకి పండుతుందో చెప్పేవాడు. ఆ ముక్కే నాకొచ్చింది. బీరులో పట్టుకోవాల్సిన పదార్థాల వాసనలకి నా పేర్లు నేనే రాసుకున్నా. డయాసిటైల్: వెన్న కాగే గిన్నె. డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్): ఉడికిన మొక్కజొన్న కంకి. ఎసిటాల్డిహైడ్: కోసిన పచ్చి ఆపిల్. అమ్మ వెన్న కాచినప్పుడల్లా పొయ్యి పక్కనే నిలబడేవాణ్ని. "ఏందిరా, ఈడే తిరగతా ఉండావు?" అనేది.

మీరు రాస్తుంటే ఆ పూట ఊరగాయ తినొద్దు, సెంటు కొట్టుకోవద్దు. గ్లాసులో పోసిన వెంటనే వాసన చూడండి, అది ఎగిరిపోతుంది.

పరీక్షలో 90 నిమిషాలకి ఆరు బీర్లు. నాలుగోది మళ్లీ హెల్లెసే. మొదట ఏమీ తగల్లేదు, మాల్టు (మొలకెత్తించిన బార్లీ) తీపి తప్ప. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టాను. రెండు నిమిషాలకి సన్నగా వచ్చింది, అమ్మ గిన్నె. వాసనకి 12కి 6 వేసి, కింద రాశాను: 'డయాసిటైల్ ఉంది. చల్లబరిచే ముందు ఇంకో రెండు రోజులు వెచ్చగా ఉంచండి.'