నీలం కార్డు

మాది నల్లగొండ దగ్గర పల్లె. పదేళ్లు కబడ్డీ ఆడాను, లెఫ్ట్ కార్నర్. రైడర్ వెనక్కి తిరిగేలోపు చీలమండ అందుకోవడమే నా పని. చదువు కోసం న్యూజిలాండ్‌లోని హామిల్టన్ వచ్చాక ఇక్కడి క్లబ్‌లో రగ్బీ మొదలుపెట్టాను. భయం లేకుండా కాళ్ల మీదికి దూకుతానని టీమ్‌లో అందరూ మెచ్చుకునేవాళ్లు.

2024 జూన్‌లో ఒక శనివారం మ్యాచ్. బంతితో పరిగెత్తుకొస్తున్నవాణ్ణి టాకిల్ చేసేటప్పుడు, అంటే పట్టుకుని కింద పడేసేటప్పుడు, మన తల అతని పక్కకో వెనక్కో పోవాలి. నేను కబడ్డీ అలవాటులో అడ్డంగా దూకాను. తల అతని కాళ్ల ముందు పడింది. మోకాలు నా చెవి పైన తగిలింది. స్పృహ తప్పలేదు, వెంటనే లేచి నిలబడ్డాను. అందుకే ఏమీ కాలేదనుకున్నాను. కంకషన్ అయినవాళ్లలో, అంటే దెబ్బకి మెదడు కుదుపుకి గురైనవాళ్లలో, చాలామందికి స్పృహ తప్పదని అప్పటికి నాకు తెలియదు.

రిఫరీ దగ్గరికొచ్చి అడిగాడు: "చివరి ట్రై ఎవరు వేశారు?"

ట్రై అంటే బంతిని అవతలివాళ్ల గోల్ గీత దాటించి నేలకి తాకించి పాయింట్లు సాధించడం. వేసింది మేమే. దానికి బంతి అందించింది నేనే. నాకు గుర్తు రాలేదు. "ఐ యామ్ ఫైన్" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా జేబులోంచి నీలం కార్డు తీశాడు. ఇక్కడి క్లబ్ మ్యాచుల్లో ఆ కార్డు చూపిస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. డాక్టర్‌కి చూపించుకోవాలి, కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. అప్పుడు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు కనిపిస్తే దండం పెడతాను. ఉత్తర ఐర్లాండ్‌లో 2011లో బెంజమిన్ రాబిన్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడు స్కూల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలాక కూడా ఆడుతూనే ఉన్నాడు. మళ్లీ తగిలింది, ప్రాణం పోయింది. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండోది తగిలితే అంత ప్రమాదం.

ఆ రాత్రి నుంచి రూమ్‌లో కుక్కర్ విజిల్ వేస్తే తలలో మేకు దిగినట్టు ఉండేది. ట్యూబ్‌లైట్ చూడలేకపోయేవాణ్ణి. నాలుగో రోజు అమ్మ మెసేజ్ పెట్టింది, పత్తి గింజలు పెట్టడం అయిపోయిందని. ఒక్క లైను. మూడుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాట మాత్రం మనసుకి ఎక్కడం లేదు. ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా జలుబు అని చెబుతూ వచ్చినవాణ్ణి, ఫోన్ చేసి నిజం చెప్పేశాను.

"తలకు తాకితే పండనియ్యద్దంటరు కద బిడ్డా! పంటున్నవా?" అంది అమ్మ, గొంతు వణుకుతుంటే. డాక్టర్ చూశాడని, మెదడు కోలుకోవాలంటే నిద్రే కావాలన్నాడని చెప్పి ఆమెకి ధైర్యం చెప్పేసరికి గంట పట్టింది.

చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. నాకు మొదటి రెండు రోజులే విశ్రాంతి, ఆ తర్వాత వైకాటో నది పక్కన పది నిమిషాల నడక. తలనొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి. నడకలో రెండు మార్కుల కంటే ఎక్కువ పెరిగితే ఆగిపోవాలి. కళ్లు తిరగడం తగ్గడానికి ఫిజియో ఒక వ్యాయామం నేర్పింది. చేయి చాచి, బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలని అటూ ఇటూ తిప్పాలి. మొదటి రోజు పది సెకన్లకే గోరు రెండుగా కనిపించి, వాంతి వచ్చినట్టయి గోడ పట్టుకున్నాను. రెండు వారాలకి నిమిషం పాటు ఒకే గోరు కనిపించింది. గోరు మీది తెల్లమచ్చ కూడా స్పష్టంగా కనిపించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ మ్యాచ్ గెలిచినా కలగలేదు.

21 రోజులూ అయిపోయాయి గానీ నేను సిద్ధంగా లేను. కాస్త జాగింగ్ చేస్తే తల పోటు పెట్టేది. మళ్లీ కిందిమెట్టు నుంచి మొదలు. డాక్టర్ సరేనని ఒంటికి ఒళ్లు తగిలే ప్రాక్టీస్‌కి పంపేసరికి ఆరు వారాలు దాటింది.

తర్వాత టాకిల్ అక్షరాభ్యాసం నుంచి నేర్చుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగ్‌ని భుజంతో తాకుతూ, కళ్లు పైకి, తల పక్కకి, వందలసార్లు. టాకిల్‌లో తలకు దెబ్బ ఎక్కువగా తగిలేది చేసేవాడికే. మెత్తటి టోపీ పెట్టుకుంటే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చెవుల్నీ చర్మాన్నీ కాపాడుతుంది, అంతే. పుర్రె లోపల మెదడు కుదుపుకి గురి కాకుండా ఆపలేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బడి మైదానంలో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. కార్నర్‌లో ఉన్న పిల్లవాడి తలకు రైడర్ మోకాలు తాకింది. వాడు మట్టి దులుపుకుని లేచాడు.

"ఏం గాలేదన్నా" అన్నాడు.

"దీనికి ముందు రైడ్‌కి ఎవరు పోయిండ్రు?" అని అడిగాను.

వాడు నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. చేయి పట్టుకుని గీత బయటికి తీసుకొచ్చి, నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.