మిసెస్ సేన్ కత్తిపీట

మా అమ్మాయి కాలేజీలో మొదటి ఏడాది పూర్తి చేసి ఇంటికి మోసుకొచ్చిన పుస్తకాల పెట్టెలో ఝుంపా లాహిరి కథల సంపుటి ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ ఉంది. 1999లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఆ పుస్తకాన్ని నేను న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీ నుంచి తెచ్చుకొని ఏనాడో చదివాను. అయినా చేతికి దొరికింది కదా అని మళ్లీ తిరగేస్తుంటే, ‘మిసెస్ సేన్స్’ అనే కథ నిండా అమ్మాయి గీసిన ఊదారంగు హైలైటర్ గీతలు కనిపించాయి. అవన్నీ ఇలియట్ అనే పదకొండేళ్ల అమెరికన్ పిల్లవాడు చూసిన సంగతుల మీద, అతడు మనసులో అనుకున్న మాటల మీద పడిన గీతలు. ఆ రాత్రి నేను పెన్సిల్ పట్టుకొని అదే కథ చదివాను. నా గీతలన్నీ మిసెస్ సేన్ మాటల కింద పడ్డాయి. తెల్లవారి చూసుకుంటే రెండు రకాల గీతలూ ఒక్క వాక్యం దగ్గర కూడా కలవలేదు.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మిసెస్ సేన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే ఒక బెంగాలీ ఆచార్యుడి భార్య. కలకత్తా నుంచి వచ్చింది. కారు నడపడం రాదు, భర్త నేర్పుతున్నా భయం పోదు. బడి అయ్యాక ఇలియట్‌ను కనిపెట్టుకొని ఉండడం ఆమె ఒప్పుకున్న పని. ప్రతి మధ్యాహ్నం హాల్లో నేల మీద వార్తాపత్రికలు పరిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న బోటీ ముందు కూర్చొని కూరగాయలు తరుగుతుంది. బోటీ అంటే మన కత్తిపీటే. కథలో ఆ కత్తి వంపును వైకింగుల ఓడ ముక్కుతో పోల్చారు. నాకు మాత్రం తెనాలిలో మా అమ్మమ్మ పీట మీద కాలు మడిచి వేసి, వంకాయను రెండు చేతులతో కత్తికి ఆనించి ముందుకు నెట్టడమూ, నాలుగుగా చీలిన కాయ ఉప్పునీళ్ల గిన్నెలో పడి తేలడమూ కళ్ల ముందు కదిలాయి. తమ ఊళ్లో పెళ్లి వస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్లందరూ ఎవరి కత్తిపీట వారు తెచ్చుకొని, మేడ మీద గుండ్రంగా కూర్చొని, తెల్లవార్లూ నవ్వుకుంటూ యాభై కిలోల కూరగాయలు తరిగేవారని మిసెస్ సేన్ ఆ పిల్లవాడికి చెబుతుంది. ఇప్పుడు నేను గట్టిగా కేక వేస్తే ఎవరైనా వస్తారా అని కూడా అడుగుతుంది. పిల్లవాడికి ఆ ప్రశ్న వింతగా తోస్తుంది. 2001 జనవరిలో, ఉద్యోగం మీద వచ్చినవారి భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, మా వారు కారు తీసుకొని ఆఫీసుకు వెళ్లాక అపార్టుమెంటు కిటికీ దగ్గర నిలబడి మంచును చూస్తూ గడిపిన నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు.

ఆసియా నుంచి అమెరికా వచ్చిన కుటుంబాల గురించి పెద్దల కోసం రాసిన నవలలను, కథలను, ఆత్మకథలను ఈ ఇరవై ఏళ్లలో నేను వరుసగా చదువుతూ వచ్చాను. వాటిలో చాలా భాగం ఇక్కడ పుట్టిన పిల్లలో, ఊహ తెలియని వయసులో ఇక్కడికి వచ్చిన పిల్లలో పెద్దవారై రాసినవి. కాబట్టి తల్లి ఎప్పుడూ వంటగదిలో ఉన్న మనిషిగా, తలుపు దగ్గర నిలబడిన ఒకరి కళ్లకు కనిపించిన మనిషిగా ఉంటుంది. ఆమె మాట్లాడే ఇంగ్లీషు వినిపిస్తుంది గానీ, ఆమె తనలో తాను మాట్లాడుకునే భాష వినిపించదు. ఆ పుస్తకాలు గొప్పవి కావని నా ఉద్దేశం కాదు. నేను వాటిని తలుపు అవతలి వైపు నుంచి, అంటే పొయ్యి దగ్గర నుంచి చదువుతానని మాత్రమే చెబుతున్నాను.

లాహిరి నవల ‘ది నేమ్‌సేక్’ 1968 ఆగస్టులో, నెలలు నిండిన ఆషిమా వంటగదిలో నిలబడి ఉండగా మొదలవుతుంది. ఆమె రైస్ క్రిస్పీస్‌లో వేరుశనగపప్పు, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిరపకాయ ముక్కలు వేసి కలుపుతూ, ఆవనూనె కూడా ఉంటే బాగుండునని అనుకుంటుంది. బెజవాడ వైపు పెరిగినవారికి ఇది వివరించవలసిన పని లేదు, అది పిడత కింద పప్పు. మరమరాలు దొరకని చోట అల్పాహారపు డబ్బాలోని బియ్యపు అటుకుల్లాంటి వాటితో సరిపెట్టుకోవడం నేనూ చేశాను. అవి మన మరమరాల్లాగా నిమ్మరసాన్ని పీల్చుకోవు, పైగా కాస్త తియ్యగా ఉంటాయి. ఆ నవలను ఒకసారి లైబ్రరీలో జరిగిన పుస్తక చర్చకు తీసుకున్నారు. వచ్చినవారిలో భారతీయురాలిని నేనొక్కతెనే కావడంతో, బెంగాలీ ఇళ్లలో ముద్దుపేరు, మంచిపేరు అనే రెండు పేర్ల పద్ధతి గురించి అందరూ నన్నే అడిగారు. నేను కలకత్తా చూడలేదనీ, మా వైపు బారసాల నాడే పేరు పెట్టేస్తారనీ చెబితే, ఎవరో ఎంతో మర్యాదగా, మీదీ అదే దేశం కదా అన్నారు.

పిల్లలు తల్లిదండ్రులను అర్థం చేసుకోలేకపోవడానికి వయసుల తేడా ఒక్కటే కారణం కాదని నాకు మొదట చెప్పిన పుస్తకం మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో రాసిన ‘ది ఉమన్ వారియర్’. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో బట్టలుతికే దుకాణం నడిపిన చైనీయుల ఇంట్లో ఆమె పెరిగింది. నేను చెప్పేది ఎవరికీ చెప్పకూడదంటూ తల్లి చెప్పే మాటతోనే పుస్తకం మొదలవుతుంది. భర్త దేశంలో లేనప్పుడు గర్భవతి అయి, ఊరివారు ఇంటి మీద పడి ధ్వంసం చేసిన రాత్రి ప్రసవించి, బిడ్డతో సహా బావిలో పడి చనిపోయిన మేనత్త కథ అది. ఆమె పేరు కూడా కుటుంబంలో ఎవరూ ఎత్తరు. ఈ మౌనంలో కొంత పరువు భయం ఉంది, కొంత అమెరికా చట్టం కూడా ఉంది. 1882 నాటి చట్టం చైనా కూలీలకు తలుపులు మూసింది, దానిని 1943లో గానీ రద్దు చేయలేదు. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర దస్తావేజులు కాలిపోవడంతో, ఇక్కడే పుట్టామని చెప్పుకొన్న వారికి కాదనే రుజువు లేకుండా పోయింది. వారి కొడుకులమంటూ కాగితాలు కొనుక్కొని, మరొకరి ఇంటిపేరుతో వచ్చినవారు చాలామంది ఉన్నారు. అలాంటి వీధుల్లో తండ్రి అసలు పేరేమిటని పిల్లవాడు అడిగితే తల్లి కసరడంలో ఆశ్చర్యం లేదు, ఆ పేరు బయటికి పొక్కితే కాపురమే ఓడ ఎక్కవలసి వస్తుంది.

ఆ మొదటి అధ్యాయం చదివి మా అమ్మాయి, మన ఇంట్లో కూడా ఇలాంటి వారెవరైనా ఉన్నారా అని అడిగింది. మా నాన్నగారి పెళ్లి ఫోటోలో వరుసగా నిలబడిన ఆడపడుచుల్లో ఒకరి ముఖం దగ్గర బ్లేడుతో కోసిన చతురస్రం ఉంటుంది. ఆ ఫోటోను పిల్లలకు ఎన్నోసార్లు చూపించాను గానీ, చూపించిన ప్రతిసారీ నా బొటనవేలు ఆ చోటనే ఉండేదని అప్పుడు తెలిసింది.

జాన్ ఒకాడా నవల ‘నో-నో బాయ్’ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తల్లి మీద అంత కోపంతో రాసిన పుస్తకం నేను మరొకటి చదవలేదు. 1942లో పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో పెట్టారు, వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. సైన్యంలో పనిచేస్తారా అనీ, జపాను చక్రవర్తిని కాదని అమెరికాకే విధేయులుగా ఉంటారా అనీ ఆ మరుసటి ఏడాది ఒక పత్రంలో ప్రశ్నించారు. రెండింటికీ కాదన్నవారికి ఆ పేరు వచ్చింది. నవలలోని ఇచిరో సైన్యంలో చేరనన్నందుకు రెండేళ్లు జైల్లో ఉండి సియాటిల్‌లోని ఇంటికి తిరిగి వస్తాడు. యుద్ధంలో జపాను ఓడిపోయిందంటే చిల్లర దుకాణం నడిపే అతని తల్లి నమ్మదు. ఆకలితో ఉన్నామని జపాను నుంచి బంధువులు రాసిన ఉత్తరాలు కూడా దొంగ ఉత్తరాలేనంటుంది. చివరికి సొంత చెల్లెలి ఉత్తరంలో, తమ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియని చిన్ననాటి ముచ్చట ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకదు. కొడుకు ఆమెను పిచ్చిదనుకుంటాడు. నాకు మాత్రం, ఒక్కసారి నమ్మకం మార్చుకుంటే ఇన్నేళ్ల దుకాణమూ కొడుకు జైలూ ఏమవుతాయోనని మొండికేసిన మనిషిలా కనిపించింది. ఈ నవల 1957లో వచ్చింది. 1,500 ప్రతులు వేశారు. 1971లో ఒకాడా చనిపోయే నాటికి అవి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. జపాన్ సంతతివారే ఆ పుస్తకాన్ని చూసి ముఖం తిప్పుకున్నారు. కొందరు యువ రచయితలు దానిని వెతికి పట్టుకొని 1976లో మళ్లీ అచ్చు వేయకపోతే అది మనదాకా వచ్చేది కాదు.

ఏమీ టాన్ ‘ది జాయ్ లక్ క్లబ్’ (1989) అందరికీ తెలిసిన పుస్తకమే. అందులో తల్లులకు కూడా తమ నోటితో చెప్పుకొనే అవకాశం ఉంది గానీ, ఆ తల్లులు కాస్త అవసరానికి మించి సామెతల్లో మాట్లాడతారని నా ఫిర్యాదు. ఇంట్లో ఏ తల్లీ అంత అందంగా తిట్టదు. మిన్ జిన్ లీ ‘పచింకో’ (2017) అమెరికాలో జరిగే కథ కాదు, జపానులో బతికిన కొరియన్లది. కానీ ఒసాకాలో సున్జా సిగ్గు చంపుకొని, బండి మీద కిమ్చీ అనే కొరియా ఊరగాయ పెట్టుకొని రైలు స్టేషను దగ్గర మొదటిసారి కేకవేసి అమ్మే ఘట్టం చదివి, ఆవకాయ జాడీలు బస్సులో వేసుకొని గుంటూరు వెళ్లి అమ్మిన ఒక దూరపు బంధువు గుర్తుకు వచ్చి పుస్తకం కాసేపు మూసివేశాను.

అఖిల్ శర్మ ‘ఫ్యామిలీ లైఫ్’ (2014) మన ర్యాంకుల ఇళ్లలో ప్రతి ఒక్కరూ చదవవలసిన చిన్న నవల. ఢిల్లీ నుంచి న్యూయార్క్ వచ్చిన కుటుంబంలో పెద్ద కొడుకు బిర్జు పేరున్న సైన్స్ హైస్కూలులో సీటు తెచ్చుకుంటాడు. అదే వేసవిలో ఈతకొలనులో దూకి, తల అడుగుకు తగిలి, మూడు నిమిషాలు నీటి అడుగున ఉండిపోతాడు. మెదడు దెబ్బతిన్న ఆ కుర్రవాణ్ణి తల్లి ఇంట్లోనే పెట్టుకొని సాకుతుంటే, చుట్టుపక్కల భారతీయులు తమ పిల్లలను ఆమె ఆశీర్వాదం కోసం తీసుకువస్తారు. ఆమెను దేవతను చేసి, సాయంత్రానికి ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోతారు.

ఇన్ని పుస్తకాల్లోనూ తల్లి దగ్గరకు పూర్తిగా నడిచి వెళ్లింది ఒక తెలుగు మనిషే. కాకినాడలో పెరిగి, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ ప్రచురించింది. అందులో సగం, శివసాగర్ పేరుతో మనం చదువుకున్న కవి, ఆమె మేనమామ అయిన కె.జి. సత్యమూర్తి జీవితం. తక్కిన సగం ఆమె తల్లి మంజుల జీవితం. అంటరానితనంలో పుట్టి, చదువుకొని, ఉద్యోగాల కోసం ఊరూరా తిరుగుతూ పిల్లలను పెంచిన ఆ తల్లి అమెరికా వంటగదిలో మూగగా నిలబడిన మనిషి కాదు. తన ఊళ్లో, తన భాషలో, తన ఆకలితో, తన కోపంతో కనిపిస్తుంది. ఇంటి సంగతులు దేశంలో ఉన్నంతకాలం కథలు కావనీ, దాటి వచ్చాకనే కథలయ్యాయనీ గిడ్ల అంటుంది. ఆషిమా, మిసెస్ సేన్‌ల ఇళ్లలో కులం ఎక్కడా పేరు పెట్టి కనిపించదని ఈ పుస్తకం చదివాక గానీ నాకు తట్టలేదు. తట్టకపోవడానికి నా కులం కూడా కారణమే.

పోతే, తల్లుల వైపు కథ అసలే లేదని కాదు. అది తెలుగులో ఉంది. 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ అంతర్జాల పత్రిక పాత సంచికల్లో, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ వేసిన ‘అమెరికా తెలుగు కథానిక’ సంపుటాల్లో, ఇక్కడికి వచ్చిన తరం తన మాటల్లో తానే రాసుకున్న కథలు కుప్పలుగా ఉన్నాయి. అన్నీ మంచి కథలని చెప్పలేను, కొన్ని ఊరి మీద బెంగను దాటి అడుగు వేయవు. అయినా వాటిలో తల్లి తలుపు దగ్గర నుంచి చూసిన మనిషి కాదు, చూస్తున్న మనిషి. చిక్కల్లా మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు చదవలేరు. వారు మా గురించి ఇంగ్లీషులో రాస్తే మేము చదువుతాము, మేము మా గురించి రాసుకున్నది వారి కంటికి ముగ్గులా కనిపిస్తుంది.

పోయిన వేసవిలో అమ్మాయి అడిగితే కత్తిపీట కిందకు దించాను. 2009లో తెనాలి నుంచి పాత నూలు చీరలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొని వచ్చి, గ్యారేజీ అటక మీద వదిలేసినది. దాని మీద కూర్చోవడానికి అమ్మాయికి మొదట మోకాలు వంగలేదు. నేను ఎదురుగా పీట వేసుకొని, ఫోనులో ఒక పాత తెలుగు కథ తీసి పైకి చదివాను. కొత్తగా వచ్చిన ఒక ఇల్లాలు, ఇక్కడ అంతా బాగుందని పుట్టింటికి ఉత్తరం రాసే చోట అమ్మాయి చేయి ఆగింది.

“నువ్వు కూడా అలాగే రాశావా అమ్మా?”

“రాశాను. అమ్మమ్మ బీరువాలో ఉంటాయి, వెళ్లినప్పుడు తీసి చదువుకో.”

“నాకు చదవడం రాదు కదా.”

కథ మిగిలినంతా చదివాను. అది పూర్తయ్యేసరికి అరకిలో బెండకాయలు అయిపోయాయి. ముక్కలు కొన్ని వేలెడంత, కొన్ని గోరంత వచ్చాయి. ముదురుకాయలను మాత్రం కొనలు విరిచి చూసి నేనే ఏరి పక్కన పెట్టాను.