కోటా అంటే కోచింగే కాదు

మా కర్నూలులో రాజస్థాన్‌లోని కోటా అనగానే ఐఐటీ కోచింగ్ గుర్తొస్తుంది. ఇవాళ జూలై 26, కార్గిల్ విజయ్ దివస్ కదా, ప్రేయర్‌లో పిల్లలకు ఆ ఊళ్లోనే చదువుకున్న ఇంకొకాయన గురించి చెప్పాను. వైమానిక దళ పైలట్, స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా.

1999 మే 27. కార్గిల్ మీద తోటి పైలట్ నచికేత నడుపుతున్న మిగ్-27 యుద్ధవిమానం ఇంజిన్ ఆగిపోయి, ఆయన పారాచూట్‌తో దూకేశాడు. ఆహుజా వెనక్కి తిరిగి వచ్చేయొచ్చు. రాలేదు. నచికేత ఎక్కడ పడ్డాడో కనిపెట్టాలని తన మిగ్-21తో అక్కడే చక్కర్లు కొట్టాడు. భుజం మీద పెట్టి పేల్చే మిస్సైల్ తగిలింది. ఆయనా దూకాడు గానీ ప్రాణాలతో దక్కలేదు. 36 ఏళ్లు. తర్వాత వీరచక్ర ఇచ్చారు. నచికేత మాత్రం పాకిస్తాన్ చెర నుంచి జూన్‌లో తిరిగొచ్చాడు.

దగ్గర్లోని ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు విమానం పోతుంటే మెడలెత్తి చూసే పిల్లలు, ఇవాళ ఒక్కరూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న ఏడో తరగతివాడు మాత్రం చొక్కా గుండీ తిప్పుకుంటూ అడిగాడు: "ఆయప్పకు పిల్లోళ్లున్నారా సార్?"

ఒక కొడుకు, అన్నాను. తర్వాత చెప్పాల్సిన మాటలు గొంతు దాటలేదు. హెడ్మాస్టర్ గారు మైకు అందుకుని జనగణమన మొదలుపెట్టించారు.