స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ నాకు ఎలా పట్టుబడింది

సివిల్ సెకండ్ ఇయర్‌లోకి వచ్చిన మా ఊరి పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది ఎస్‌ఓఎం గురించే. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌ను మా దగ్గర అందరూ అలాగే అంటారు. "అక్కా, అది పాస్ కావడం శానా కష్టమంట గదా?" అని అడుగుతారు. కష్టమైన సబ్జెక్టే. ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్, మెకానిక్స్ బాగా రాసినవాళ్లు కూడా టూ-వన్‌లో (సెకండ్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లో) ఇక్కడ ఆగిపోవడం చూశాను. నేను ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో పది దాకా తెలుగు మీడియంలో చదివి, కడపలో బీటెక్‌లో చేరినదాన్ని. ఇప్పుడు ఫైనల్ ఇయర్. ఈ సబ్జెక్టు నాకు ఎలా అర్థమైందో, ఏది పట్టుకుంటే మిగతాదంతా కదిలిందో ఒక్కసారి వివరంగా రాసిపెడితే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే పని తప్పుతుంది.

మొదటి యూనిట్ ఎవరినీ భయపెట్టదు. బరువును వైశాల్యంతో భాగిస్తే స్ట్రెస్, సాగిన పొడవును అసలు పొడవుతో భాగిస్తే స్ట్రెయిన్. సాగే గుణం ఉన్నంతవరకు రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించాడు. ఆ నిష్పత్తే యంగ్స్ మాడ్యులస్. స్టీలుకు అది మిల్లీమీటర్ స్క్వేర్‌కు దాదాపు 2 లక్షల న్యూటన్లు. ఈ అంకెను బట్టీ పట్టే ముందు ఒక చిన్న లెక్క చేసి చూడండి. మీటర్ పొడవు స్టీలు కడ్డీలో మిల్లీమీటర్ స్క్వేర్‌కు 100 న్యూటన్ల స్ట్రెస్ వస్తే అది సాగేది అర మిల్లీమీటరే. కంటికి సరిగా ఆనదు. కానీ సాగుతుంది. ఈ సబ్జెక్టు మొత్తం ఆ కంటికి ఆనని కదలిక గురించే. ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో దూలం వంగదు అనుకుని లెక్కలు చేస్తాం, ఇక్కడ వంగుతుంది అని మొదలుపెడతాం.

అసలు ఇబ్బంది షియర్ ఫోర్స్ (దూలాన్ని అడ్డంగా కోసేలా పనిచేసే బలం), బెండింగ్ మూమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) బొమ్మల దగ్గర మొదలవుతుంది. మా క్లాసులో సగం మంది ఈ యూనిట్‌లోనే చేతులెత్తేశారు. బోర్డు మీద సార్ గీస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. హాస్టల్‌కొచ్చి ఇంకో లెక్క తీస్తే ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ అనే దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. నాకు రెండు అలవాట్లు దారి చూపించాయి.

ఒకటి, పెన్సిల్‌తో అంకెలు వేయకముందే ఆ దూలం ఎలా వంగుతుందో గీయడం. మధ్యలో కిందికి జారుతుందా, గోడ దగ్గర పైకి ఉబ్బుతుందా? వంపు తెలిస్తే ఏ వైపు సాగుతోంది, ఏ వైపు నొక్కుకుపోతోంది అన్నది తెలిసిపోతుంది. కింద సాగితే సాగింగ్, పైన సాగితే హాగింగ్. గుర్తులు ఆ బొమ్మలో నుంచే వస్తాయి, వేరే గుర్తుపెట్టుకునే పని లేదు.

రెండోది, కాగితంతో కప్పడం. ఏ పాయింటు దగ్గర లెక్క కావాలో అక్కడి నుంచి కుడివైపు దూలాన్నంతా ఒక కాగితంతో మూసేసేదాన్ని. ఇక కనిపించేది ఎడమ ముక్క ఒక్కటే. అది పడిపోకుండా, తిరిగిపోకుండా ఉండాలంటే కోసిన చోట ఎంత బలం, ఎంత మూమెంట్ కావాలి? అంతే ప్రశ్న. నాలుగు మీటర్ల దూలం, మీటరుకు 10 కిలోన్యూటన్ల బరువు అనుకుందాం. రెండు పక్కలా 20 చొప్పున మోస్తాయి. మధ్యలో కోస్తే ఎడమ ముక్క మీద పైకి 20, కిందికి 20. షియర్ సున్నా. మూమెంట్ చూస్తే 20 ఇంటూ 2 లోంచి 20 ఇంటూ 1 తీసేస్తే 20 కిలోన్యూటన్ మీటర్లు. ఇప్పుడు షియర్ బొమ్మలో ఎడమ త్రికోణం వైశాల్యం కట్టండి. సగం ఇంటూ 2 ఇంటూ 20, మళ్లీ 20 వచ్చింది. షియర్ బొమ్మ వైశాల్యమే మూమెంట్‌లో మార్పు అనే సంగతి ఆ రోజు నా చేతుల్లో తేలింది. మధ్యలో మూమెంట్‌కు వాడే డబ్ల్యూఎల్ స్క్వేర్ బై ఎయిట్ అనే ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటి నుంచి నన్నెవరూ అడగాల్సిన పని లేకపోయింది.

ఇక బెండింగ్ ఈక్వేషన్. ఎమ్ బై ఐ, సిగ్మా బై వై, ఈ బై ఆర్, మూడూ సమానం. ఎమ్ మూమెంట్, సిగ్మా స్ట్రెస్, వై నడిమి గీత నుంచి దూరం, ఈ యంగ్స్ మాడ్యులస్, ఆర్ వంపు వ్యాసార్థం, ఐ మూమెంట్ ఆఫ్ ఇనర్షియా. డెరివేషన్ నోట్సులో ఉంది, పరీక్షలో రాయగలను. కానీ ఆ "ఐ" అంటే ఏంది అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అది దసరా సెలవల్లో ఇంట్లో దొరికింది.

మా నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కడప బండలంటే దేశమంతా తెలుసు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క నేలలో పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి అది. అన్నం తింటూ ఆయన్ను అడిగాను, బండను మోసే ఇద్దరూ దాన్ని నిలబెట్టే ఎందుకు మోస్తారు నాయనా అని.

"పండబెట్టి ఎత్తితే నడుం కాడ ఇరుగుతాది పాపా. నిలబెడితే ఎంత దూరమైనా పోవచ్చు."

లారీల్లో కూడా అంతే, బండలన్నీ అంచుల మీద నిలబడే ప్రయాణం చేస్తాయి. రాత్రి నోట్సు తీసి ఆ బండకే లెక్క కట్టాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం. పండబెడితే వంగే దిశలో లోతు అంగుళం. నిలబెడితే 24 అంగుళాలు. బరువు అదే, పొడవు అదే, కాబట్టి మూమెంట్ అదే. కానీ సెక్షన్ మాడ్యులస్‌లో (మూమెంట్‌ను దీంతో భాగిస్తే స్ట్రెస్ వస్తుంది) లోతు స్క్వేర్‌గా వస్తుంది. నిలబెట్టిన బండలో స్ట్రెస్ 24వ వంతుకు పడిపోయింది. "ఐ"లో లోతు క్యూబ్‌గా వస్తుంది కాబట్టి వంపు 576వ వంతు. బీడీ క్యూబ్ బై ట్వెల్వ్ అని గుడ్డిగా రాసుకున్న ఫార్ములాలో డీకి పైన క్యూబ్ ఎందుకుందో మా నాయనకు ముప్పై ఏళ్లుగా తెలుసన్నమాట. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

మర్నాడు ఇంకొకటి అడిగాను. అంచులు కోయడానికి బండను పండబెట్టినప్పుడు కింద రెండు కట్టెలు వేస్తారు. ఎక్కడ వేయాలి?

"కొసలకు ఏస్తే నడుమ ఇరుగుతాది. మరీ లోపలికి ఏస్తే కొసలు వాలి కట్టె కాడ ఇరుగుతాది. రవంత లోపలికి ఏయాల."

ఆ రవంత ఎంత? మధ్యలో సాగింగ్ మూమెంట్, కట్టెల దగ్గర హాగింగ్ మూమెంట్ సమానమయ్యే చోటు కడితే పొడవులో 0.207 వంతు వస్తుంది. నాలుగడుగుల బండకు కొస నుంచి దాదాపు పది అంగుళాలు. అక్కడ కట్టెలు వేస్తే గరిష్ఠ మూమెంట్, కొసల్లో వేసినదానికంటే సుమారు ఆరో వంతే ఉంటుంది. ఓవర్‌హ్యాంగింగ్ బీమ్ (కొసలు ఆధారాల బయటికి వచ్చే దూలం) లెక్కలు ఇంకెన్ని చేసినా ఈ ఒక్కటి నేర్పినంత నాకు ఏదీ నేర్పలేదు.

క్లాసులో ఈ విషయం చెబితే మా సార్ గెలీలియో కథ చెప్పారు. 1638లో వచ్చిన తన పుస్తకంలో ఆయన గోడలో నాటిన దూలం ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టాడు. పలకను నిలబెడితే ఎక్కువ మోస్తుందని, బలం లోతు స్క్వేర్‌ను బట్టి పెరుగుతుందని సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ దూలం కోతలో మొత్తం భాగం సాగుతుందనుకుని, కింది అంచు చుట్టూ తిరుగుతుందనుకున్నాడు. అందువల్ల జవాబు అసలుదానికి మూడింతలు వచ్చింది. పై భాగం సాగి, కింది భాగం నొక్కుకుని, నడుమ ఏ స్ట్రెస్సూ లేని న్యూట్రల్ యాక్సిస్ ఉంటుందని సరిగ్గా తేలడానికి ఫ్రెంచి ఇంజినీరు కూలుంబు దాకా, అంటే 1773 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. శతాబ్దానికి పైగా పెద్దపెద్దవాళ్లకు తేలని సంగతి మనకు ఒక వారంలో రాలేదని దిగులుపడనక్కర లేదు.

రాయి సాగుడును తట్టుకోదు. నొక్కితే ఎంతైనా మోస్తుంది, లాగితే తెగిపోతుంది. దీన్ని చూడాలంటే గండికోటకు పోవాలి. మాధవరాయస్వామి గుడి మండపంలో స్తంభాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో గమనించండి. పైన రాతి దూలాల కింది వైపు సాగుతుంది కాబట్టి పొడవు పెంచడానికి వీల్లేదు. అదే కోటలో జామియా మసీదు దగ్గర కమానులు కనిపిస్తాయి. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు దించుతాయి. పిక్నిక్‌కు పోయినప్పుడు మా బ్యాచ్ అంతా లోయ దగ్గర ఫోటోల్లో ఉంటే, నేనూ నా రూమ్మేటూ దూలాల కింద తలెత్తి నిలబడి పగుళ్లు ఎక్కడ మొదలవుతాయా అని వెతికాం.

కాంక్రీటుదీ రాయి గుణమే. అందుకే సాగే వైపు కమ్మీలు పెడతారు. ఇళ్లల్లో సన్‌షేడ్ గోడలోంచి బయటికి వచ్చే కాంటిలివర్, అంటే ఒక కొసే బిగించి ఉన్న దూలం లాంటిది. దానికి సాగేది పై వైపు, కాబట్టి కమ్మీలు పైనే ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కి అవి కిందికి దిగిపోతే ఆ సన్‌షేడ్ ఏదో ఒక రోజు గోడ దగ్గర పైనుంచి పగులుతుంది. మా ఇంటి పక్కన కడుతున్నప్పుడు బేల్దారి మామతో ఈ విషయం గట్టిగా మాట్లాడాను. ఆయన విసుక్కోలేదు, కమ్మీల కింద దిమ్మెలు పెట్టించాడు.

ల్యాబ్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చాలామంది రికార్డు రాసి సంతకం పెట్టించుకుని వదిలేస్తారు. యూటీఎమ్ (కడ్డీలను లాగి, నొక్కి పరీక్షించే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్) మీద మైల్డ్ స్టీలు కడ్డీని లాగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు) దాటాక ముల్లు కాసేపు తడబడుతుంది, బరువు పెద్దగా పెరగకుండానే కడ్డీ సాగుతుంది. తర్వాత మళ్లీ పుంజుకుంటుంది, చివరికి ఒకచోట నడుం సన్నబడి ఠప్పున తెగుతుంది. తెగిన ముక్కల్లో ఒకటి గిన్నెలా, ఒకటి మొనలా ఉంటుంది. క్యాస్ట్ ఐరన్ అయితే ఏ హెచ్చరికా లేకుండా తెగుతుంది. టార్షన్ (మెలిపెట్టడం) ఇంట్లోనే చేసుకోవచ్చు. సుద్దముక్కను రెండు చేతులతో మెలిపెట్టండి, 45 డిగ్రీల ఏటవాలుగా, స్క్రూ మర లాగా విరుగుతుంది. మెలిక వల్ల ఆ వాలులోనే గరిష్ఠంగా సాగుడు పుడుతుంది, సుద్ద సాగుడుకు ఓడిపోతుంది. మైల్డ్ స్టీలు అయితే షియర్‌కు ఓడి అడ్డంగా తెగుతుంది. ప్రిన్సిపల్ స్ట్రెస్ (ఒక పాయింటులో గరిష్ఠ, కనిష్ఠ స్ట్రెస్), దాన్ని గీసి కనుక్కునే మోర్స్ సర్కిల్ అనే పేర్లు వినగానే భయపడేవాళ్లు ముందు ఆ సుద్దముక్కను విరిచి, ఆ తర్వాత సర్కిల్ గీయాలి.

థిన్ సిలిండర్లు చిన్న యూనిట్, మార్కులు గ్యారంటీ. చీనీ తోటల్లో మోటారు పైపు ఒత్తిడికి పగిలితే పొడుగునా చీలుతుంది. చుట్టూ ఉండే హూప్ స్ట్రెస్ పీడీ బై టూటీ (పీ ఒత్తిడి, డీ వ్యాసం, టీ మందం), పొడుగునా ఉండే లాంగిట్యూడినల్ స్ట్రెస్ దాంట్లో సగం. రెట్టింపు సాగుడు చుట్టూ ఉంటే చీలిక నిలువునా రావాల్సిందే కదా.

డిఫ్లెక్షన్ (దూలం ఎంత వంగుతుందో కట్టే) యూనిట్‌కు నేను ఎక్కువ సమయం పెట్టాను. మెకాలే పద్ధతిలో బ్రాకెట్ లోపలి విలువ మైనస్ అయితే ఆ పదాన్ని పూర్తిగా వదిలేయాలి, బ్రాకెట్‌ను విప్పకుండానే ఇంటిగ్రేట్ చేయాలి. ఈ రెండు నియమాలు పాటిస్తే మిగతాది ఇంటర్ ఇంటిగ్రేషనే. జవాబు వచ్చాక పొడవును రెట్టింపు చేసి చూడండి. మధ్యలో ఒకే బరువుంటే వంపు ఎనిమిదింతలు కావాలి, ఎందుకంటే ఫార్ములాలో ఎల్ క్యూబ్ ఉంది.

యూనిట్ల సంగతి ఒక్కటి గట్టిగా చెప్తాను. లెక్క మొదలుపెట్టగానే అన్నీ న్యూటన్లు, మిల్లీమీటర్లలోకి మార్చేయండి. ఒక కిలోన్యూటన్ మీటర్ అంటే 10 లక్షల న్యూటన్ మిల్లీమీటర్లు. పైన చెప్పిన 20 కిలోన్యూటన్ మీటర్ల దూలం 150 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల లోతు అయితే సెక్షన్ మాడ్యులస్ 22.5 లక్షల క్యూబిక్ మిల్లీమీటర్లు, స్ట్రెస్ మిల్లీమీటర్ స్క్వేర్‌కు సుమారు 8.9 న్యూటన్లు. మీటర్లు ఒకచోట, మిల్లీమీటర్లు ఇంకోచోట ఉంటే జవాబు వేలల్లో తేడా వస్తుంది.

పరీక్షకు 70 మార్కులు. నేను చేసిందల్లా ప్రతి లెక్కకూ ముందు వంపు బొమ్మ, తర్వాత రియాక్షన్లు (ఆధారాలు మోసే బలాలు), తర్వాత షియర్, మూమెంట్ బొమ్మలు ఒకదాని కింద ఒకటి గీతలు కలిసేలా గీయడం. కొస జవాబులో చిన్న తేడా ఉన్నా, దారి కనిపిస్తే మార్కులు పడతాయి. పాత పేపర్లు తిరగేయండి, కానీ లెక్కను చూసి చదవకండి, మూసి చేయండి. మా హాస్టల్‌లో రాత్రి ఒకరు బోర్డు దగ్గర చెబితే మిగతావాళ్లం ప్రశ్నలు వేసేవాళ్లం. చెప్పే వంతు వచ్చినవాళ్లకే ఎక్కువ వచ్చింది. నాకు మంచి గ్రేడే వచ్చింది, మా గుంపులో ఎవరికీ సబ్జెక్టు ఉండిపోలేదు.

కాలమ్స్ (స్తంభాలు) సంగతి కూడా చెప్పాలి. 1744లో స్విస్ గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఇచ్చిన ఫార్ములాలో మెటీరియల్ బలం ఎక్కడా లేదు, యంగ్స్ మాడ్యులసే ఉంది. సన్నని పొడుగు స్తంభం నలిగిపోకముందే పక్కకు వంగి పడిపోతుంది కాబట్టి, ఎంత గట్టి స్టీలు వాడినా ఆ బరువు పెరగదు. పొడవు సగమైతే మాత్రం నాలుగింతలు మోస్తుంది. కొసలు బిగించారా, వదిలారా అన్నదాన్ని బట్టి ఎఫెక్టివ్ లెంగ్త్ (ఫార్ములాలో వేసే పొడవు) మారుతుంది, పేపర్లో ఎక్కువగా అడిగేది అదే. ప్లాస్టిక్ స్కేలును బల్ల మీద నిలబెట్టి వేలితో నొక్కి, మళ్లీ మధ్యలో రెండో చేత్తో పట్టుకుని నొక్కి చూడండి. ఆ తర్వాత ఎఫెక్టివ్ లెంగ్త్ టేబుల్‌లోని నాలుగు కేసులూ తీయండి. అప్పటికీ తేలకపోతే ఆదివారం ఫోన్ చేయండి, నోట్సు ఫోటోలు తీసి పంపిస్తా.